సూర్యాస్తమయం గెజిటెడ్ అధికారులకు మాత్రమే

మా మున్సిపాలిటీలో ఆనందం ఆషాఢమాసంలో తప్పనిసరి అయింది. అంతకు ముందు అది ఐచ్ఛికంగా ఉండేది. కావలసినవాళ్లు ఆనందపడేవాళ్లు, తీరిక లేనివాళ్లు పని చేసుకునేవాళ్లు.

దీనికంతటికీ మూలం కమిషనర్ నిశాంత్ గారు ఒక చల్లని కొండ ఊళ్లో శిక్షణకు వెళ్లి రావడం. రోజుకో ఫోటో తీస్తూ, చుట్టూ జరిగే చిన్న చిన్న క్షణాలను గమనించేవాడికి రక్తపోటు రాదనీ, రక్తపోటు లేని ఉద్యోగి ప్రజలను కసురుకోడనీ, కసుర్లు లేనిచోట ఫిర్యాదులు ఉండవనీ అక్కడొక నిపుణుడు బోర్డు మీద బాణం గుర్తులు వేసి నిరూపించాడట. కమిషనర్ గారు మంచివారు, వయసులో చిన్నవారు. విన్నదాన్ని నమ్మే గుణం ఆయనకింకా పోలేదు. తిరిగొచ్చిన రోజే సర్క్యులర్ ఇచ్చారు.

"ప్రతి ఉద్యోగి ప్రతిదినము తన పరిసరములందలి సామాన్య జీవితములో ఒక చిన్న క్షణమును గమనించి, ఫోటో తీసి, భావమును రెండు వాక్యములలో జతపరచి, చీకటి పడులోగా యాప్‌నందు సమర్పించవలెను. గమనించనివారిపై తీసుకొను చర్యలు గమనింపదగిన రీతిలో ఉండును."

నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంట్ సత్యవాణి ఈ సర్క్యులర్‌ను మధ్యాహ్నం అన్నం తినే ముందు చదివింది. ఊళ్లో ఎవరి కుళాయి రాకపోయినా మొదట మోగేది ఆమె బల్ల మీది ఫోనే. పొద్దున కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచీ ఏ వీధిలో ఏ వాల్వు మొరాయించిందో వినడం, ఫిట్టర్‌ను పంపడం, వాడు వెళ్లాడా లేదా అని మళ్లీ ఫోన్ చేసి కనుక్కోవడం. ఇదే పని. చుట్టూ గమనించమంటే ఆమెకు ముందు కనబడింది తన టిఫిన్ డబ్బా. దాన్నే ఫోటో తీసి పంపింది.

మర్నాడు అది తిరస్కరణకు గురై తిరిగొచ్చింది. మేనేజర్ దక్షిణామూర్తి గారు ఆమెను పిలిపించారు. ఆయన ముప్పై ఏళ్లుగా ఫైళ్లు రాసి రాసి, ఇంట్లో ఉప్పు అడగాల్సి వచ్చినా 'సదరు ఉప్పు' అనేంతవరకూ వచ్చిన మనిషి.

"ఇందులో క్షణం ఏది సత్యవాణి గారూ?"

"ఆ డబ్బాలో గోంగూర పచ్చడి ఉంది సార్. మా ఆయన పొద్దున్నే లేచి చేసిపెట్టారు. పెళ్లయ్యాక ఆయన పొయ్యి దగ్గరికి రావడం అదే మొదలు."

దక్షిణామూర్తి గారు ఫోటోను మళ్లీ పరిశీలించారు. "మూత పెట్టి ఉన్నందున భావం గోచరించుట లేదు. అదీగాక, మీ ఇంటాయన వంట చేయడం సామాన్య జీవితం కిందికి రాదు. అది అసామాన్యం. సర్క్యులర్‌లో సామాన్యం అని స్పష్టంగా ఉన్నది."

మొదటి వారంలోనే ఇలాంటి చిక్కులు చాలా వచ్చాయి. పెద్ద చిక్కు సూర్యాస్తమయంతో వచ్చింది. సాయంత్రం దాకా ఏమీ గమనించనివాళ్లంతా మేడమీదికెక్కి అస్తమిస్తున్న సూర్యుణ్ని తీసి పంపడం మొదలుపెట్టారు. ఒకే సూర్యుణ్ని అంతమంది ఉద్యోగులు వాడుకోవడం మీద ఆడిట్ వాళ్లు అభ్యంతరం తెలిపారు. దాంతో స్పష్టీకరణ వచ్చింది: సూర్యాస్తమయం గెజిటెడ్ అధికారులకు మాత్రమే. సూర్యోదయం సూపరింటెండెంట్లకు. అసిస్టెంట్లు నీడలను, ఎండుటాకులను, టీ గ్లాసు మీది ఆవిరిని వినియోగించుకోవచ్చును. ఇంద్రధనుస్సు వచ్చిన పక్షంలో యథాస్థితిలో ఉంచి కమిషనర్ గారికి తెలియజేయవలెను.

రికార్డు గదిలో ఏళ్ల తరబడి ఎలుకలు పట్టుకుంటూ బతికిన పిల్లి ఒకటుండేది. నిద్ర లేచినా, ఒళ్లు విరుచుకున్నా, ఎదురుగా పదిమంది ఫోన్లు పట్టుకుని నిలబడుతుంటే కొన్నాళ్లు ఓర్చుకుంది. తర్వాత తనంతట తానే నడుచుకుంటూ పశువుల ఆసుపత్రికి వెళ్లిపోయింది.

జనన ధ్రువపత్రాల కోసం వచ్చినవాళ్లు ఖాళీ కుర్చీలను చూసి, "ఇక్కడి సారు ఏడి?" అని అడిగితే, "గమనించడానికి పోయాడు" అని జవాబొచ్చేది. ఎక్కడికి పోయాడో, ఎప్పుడొస్తాడో అడిగే హక్కు ఎవరికీ లేదు. అది విధి నిర్వహణ కిందికి వస్తుంది.

ఇంతలో ఒక టైపిస్టు, సమీక్షా సమావేశంలో కమిషనర్ గారు ఆవలిస్తుండగా తీసిన ఫోటోను చిన్న క్షణంగా సమర్పించాడు. భావం: 'పెద్దవారూ మనుషులే.' దానితో మరో సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ఆకస్మికంగా తటస్థించు క్షణములన్నిటికీ ముందుగా దరఖాస్తు చేసి, మేనేజర్ గారి లిఖితపూర్వక అనుమతి పొందవలెను.

ఆ రోజుల్లోనే కుమ్మరి వీధి నుంచి మీరాబీ ఫోన్ చేసింది. వీధి మొగదల దోసెల అంగడి నడుపుకునే మనిషి. గొంతు గట్టిది.

"మేడమ్, నేను కుమ్మరి వీధి మీరాబీని మాట్లాడతన్నా. మా వీధి మొదట్లో పైపు పగిలి గంగమ్మ ఆకాశానికి ఎగుర్తా ఉంది. మా కుళాయిల్లో మాత్రం చుక్క లేదు. మా పిల్ల పురిటికొచ్చింది, బాలింత. నీళ్లు లేకపోతే ఎట్టా?"

"ఇప్పుడే పంపిస్తున్నానమ్మా," అని సత్యవాణి ఫిట్టర్ ఏసుదాసును పంపింది.

ఏసుదాసు వెళ్లాడు. రెంచీ తీసే ముందు, ఆ రోజు ఫోటో ఇంకా పంపలేదని గుర్తొచ్చింది. దానికి అనుమతి లేదు, కాని పగిలిన పైపు కళ్లెదుటే ఉంది. నీళ్లు మనిషెత్తు లేస్తున్నాయి. రెండు గోరింకలు ఆ తుంపర్లలో స్నానం చేస్తున్నాయి. మంచి ఎండలో, ఆ వీధిలోనే ఉండే కోటిలింగం తాత నీళ్లు మీద పడకుండా గొడుగు వేసుకుని, చేతిలో పెరుగు గిన్నెతో పోతున్నాడు. ఏసుదాసు నొక్కాడు. కింద రెండు వాక్యాలు రాశాడు: 'పైపు పగిలింది. తాత తడవలేదు.'

ఫోటో చేరిన కాసేపటికే కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారట. కిటికీ దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ చూశారట. "ఇందులో అన్నీ ఉన్నాయి," అన్నారట. "నీరు, పక్షి, వృద్ధాప్యం, పెరుగు."

ఏసుదాసు పైపు మీద చెయ్యి వెయ్యబోతుండగా ఫోన్ మోగింది. తాకవద్దన్నారు.

అనుమతి లేకుండా తీసిన ఆ ఫోటోకు వెనకటి తేదీతో అనుమతి ఇచ్చారు. కుమ్మరి వీధి లీకేజీని 'క్షణ క్షేత్రం'గా ప్రకటించారు. ఒక్కో విభాగానికి ఒక్కో రోజు కేటాయించారు. ఉద్యోగులను అక్కడికి చేర్చడానికి నీళ్ల ట్యాంకర్‌ను నడిపే డ్రైవర్‌ను జీపు మీద వేశారు. కాబట్టి ట్యాంకర్ ఆగిపోయింది. జనం కృత్రిమంగా ప్రవర్తించకుండా చూడటానికి బిల్ కలెక్టర్ ప్రభాకరాన్ని 'సహజత్వ పర్యవేక్షకుడు'గా నియమించారు.

ప్రభాకరం మొదట కోటిలింగం తాత ఇంటికే వెళ్లాడు.

"తాతా, రోజూ పొద్దున గొడుగేసుకుని అటు నుంచి ఇటు నడవాలి."

"పెరుగు రోజూ తేను నాయనా. నాకు పడదు. ఆ రోజు చుట్టాలొచ్చారని తెచ్చా."

"ఉత్త గిన్నెతో నడువు. కాని సహజంగా నడవాలి."

"ఉత్త గిన్నె పట్టుకుని గొడుగేసుకుని తిరిగితే ఊళ్లో ఏమనుకుంటారయ్యా?"

"ఏమనుకున్నా సహజంగా అనుకోవాలి," అన్నాడు ప్రభాకరం.

తాత రెండు రోజులు నడిచాడు. మూడో రోజు కూతురింటికని చెప్పి ఊరు వదిలాడు. ఆ పిల్లి దారే అనుకోవచ్చు. ఆయన స్థానంలో టౌన్ ప్లానింగ్‌లో పనిచేసే ఒక జూనియర్ అసిస్టెంట్‌ను వృద్ధుడిగా డెప్యుటేషన్ మీద వేశారు.

మీరాబీ మాత్రం ఊరు వదిలే మనిషి కాదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఫోటోలు తీసేవాళ్ల మధ్యకు నేరుగా నడిచొచ్చి, "ముందు ఆ పైపు కట్టండయ్యా. తర్వాత మీ బొమ్మలు తీసుకుందురు," అనేది. ఆమెకు నోటీసు వచ్చింది. కారణం: 'మంజూరైన క్షణములోనికి అనుమతి లేకుండా కోపముగా ప్రవేశించుట.'

ఆ నోటీసు పట్టుకుని ఆమె సత్యవాణి దగ్గరికే వచ్చింది. కాగితం బల్ల మీద పెట్టింది.

"దీంట్లో ఏముందో చదవండి మేడమ్. నాకైతే అర్థం గాలా. నేను నీళ్లు అడిగితే కోపమన్నారు."

సత్యవాణి చదివింది. మళ్లీ చదివింది. ఆ నోటీసు కింద ఉన్న సంతకం మేనేజర్ గారిదే అయినా, పైన 'నీటి సరఫరా విభాగము' అని ఉంది. ఆ అక్షరాలు చూసి ఆమెకు సిగ్గేసింది.

"పిల్ల ఎట్టుంది?" అని అడిగింది.

"పిల్ల బాగుంది, పసిగుడ్డుకే బాగా లేదు. ఊరవతల బోరు కాణ్నించి మోసుకొస్తన్నాం నీళ్లు. ఆ నీళ్లు ఉప్పు. పసిబిడ్డకు ఒళ్లంతా పేలింది."

ఆ సాయంత్రమే సత్యవాణి మరమ్మతుకు ఫైలు పెట్టింది. అది ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది. 'సదరు లీకేజీని మరమ్మతు చేసినచో కార్యాలయమునకు ప్రతిదినము కలుగు క్షణముల నష్టమును ఏ విధముగా భర్తీ చేయుదురో తెలుపవలెను.'

ఆమె నేరుగా కమిషనర్ గారి గదికే వెళ్లింది. ఆయన కోపగించుకోలేదు. కూర్చోమన్నారు. గోడ మీద ఏసుదాసు తీసిన ఫోటో ఫ్రేము కట్టి ఉంది.

"మేడమ్, మీరు లీకేజీని చూస్తున్నారు. నేను జీవితాన్ని చూస్తున్నాను. అదే మన తేడా."

"నిజమే సార్. కాని ఆ వీధిలో కుళాయిలు రావడం లేదు."

"వచ్చే వారం రాజధాని నుంచి డైరెక్టర్ గారు తనిఖీకి వస్తున్నారు. మనది ఆదర్శ మున్సిపాలిటీ అయ్యే అవకాశం ఉంది. అప్పటిదాకా ఓపిక పట్టమనండి. నీళ్లు ఎప్పుడైనా వస్తాయి. ఇలాంటి దృశ్యం మళ్లీ రాదు."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అదే సత్యవాణిని ఎక్కువ భయపెట్టింది.

తనిఖీ దగ్గర పడేసరికి ఇంకో ఉపద్రవం వచ్చింది. అన్ని రోజులు పైకి చిమ్మి చిమ్మి, ట్యాంకులో మట్టం పడిపోయి, ఫౌంటెన్ మోకాలి ఎత్తుకు దిగిపోయింది. గోరింకలు రావడం మానేశాయి. అత్యవసర సమావేశం జరిగింది. 'నీటి ధార ఎత్తును ఆమోదిత ఫోటో ప్రకారము పునరుద్ధరించవలెను' అని తీర్మానించి, మిగతా వార్డుల వాల్వులు మూసేశారు. నీళ్లన్నీ కుమ్మరి వీధి వైపు తిప్పారు. ధార మళ్లీ మనిషెత్తు లేచింది. ఊరంతా కుళాయిలు బుసకొట్టి ఊరుకున్నాయి.

సత్యవాణి ఫోన్ ఆగకుండా మోగింది. తిట్లు, బతిమాలడాలు, ఒక పెళ్లివారి ఏడుపు. అందరికీ ఆమె, "పై నుంచి ఆదేశాలమ్మా" అనే చెప్పింది. చెప్పినకొద్దీ ఆ మాట నోట్లో చేదుగా తగిలింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఫోన్ చేసినవాళ్లకు చేయగలిగిన పని చేయకుండా ఉండటం ఆమెకిదే మొదలు.

మధ్యాహ్నం అన్నం మానేసి కూర్చుంది. తర్వాత ఒక కాగితం తీసుకుని, ఆకస్మిక క్షణానికి దరఖాస్తు రాసింది.

'క్షణ స్వభావము: ఫిట్టర్ పైపు బాగుచేయుట. స్థలము: కుమ్మరి వీధి. భావము: ఊరట.'

దాన్ని దక్షిణామూర్తి గారి ముందు పెట్టింది. ఆ రోజు ఆయన మెడ చుట్టూ పౌడరు దట్టంగా ఉంది. గదిలో అత్తరు వాసన మరీ ఎక్కువగా ఉంది. మూసేసిన వార్డుల్లో ఆయన ఇల్లున్న స్టేషన్ రోడ్డు కూడా ఒకటి.

ఆయన దరఖాస్తు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"నమూనా ప్రకారమే ఉన్నది," అన్నారు నెమ్మదిగా.

"ఉంది సార్."

"ఒక ఉద్యోగి తన విధిని నిర్వర్తించుచుండగా తీయు ఫోటో. సామాన్య జీవితమేనా?"

"ఒకప్పుడు సామాన్యమే సార్."

దక్షిణామూర్తి గారు తలుపు వైపు చూశారు. "సదరు క్షణం ఎంతసేపు ఉండును?"

"రెండు గంటలు పట్టొచ్చు."

"రెండు గంటల క్షణం," అని ఆయన కాసేపు ఆలోచించారు. "గరిష్ఠ పరిమితి ఎక్కడా పేర్కొనబడలేదు." సంతకం చేశారు. కాగితం ఇవ్వబోయి ఆగి, ఫైళ్ల భాష వదిలేసి, మామూలు గొంతుతో అన్నారు. "అమ్మా, స్టేషన్ రోడ్డు వాల్వు దగ్గర కూడా చిన్న క్షణం ఒకటి తీయించండి. మా ఆవిడ నిన్నట్నుంచీ నాతో మాట్లాడటం లేదు."

సత్యవాణి ఏసుదాసును వెంటబెట్టుకుని వెళ్లింది. కుమ్మరి వీధిలో ప్రభాకరం అడ్డు వచ్చాడు. ఆమె ఉత్తర్వు చూపించింది. అతను చదివి, పక్కకు తప్పుకుని, "అయితే సహజంగా చెయ్యండి," అన్నాడు.

వాల్వు కట్టి, పగిలిన ముక్క కోసి, కొత్త ముక్క బిగించేసరికి పొద్దు వాలింది. మట్టి పూడ్చారు. ఏసుదాసు వెళ్లి ఊళ్లో వాల్వులన్నీ ఒక్కొక్కటే తెరిచి వచ్చాడు. సత్యవాణి మీరాబీ ఇంటి అరుగు మీద కూర్చుంది. ఇంట్లో పసిబిడ్డ సన్నగా గునుస్తూ ఉంది.

కుళాయి ముందు దగ్గింది. గాలి వదిలింది. తుప్పురంగు నీళ్లు కాసిని వచ్చాయి. తర్వాత తేటగా, ధారగా వచ్చాయి. మీరాబీ బిందె కింద పెట్టి, అది నిండేదాకా పక్కనే గొంతుక్కూర్చుంది. నిండిన బిందె తీసి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. నీళ్లు గోరువెచ్చగా అయ్యాక, ఆమె తల్లి వయసున్న ముసలమ్మ ఒకామె వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. మొదటి చెంబుకు బిడ్డ ఉలిక్కిపడింది. రెండో చెంబుకు ఏడుపు మాని, నోరు తెరిచి, నీళ్లు పడుతున్న వైపు చూస్తూ ఉండిపోయింది.

"చూడండి మేడమ్, దీని మొహం," అంది మీరాబీ.

సత్యవాణి చూస్తూనే ఉంది. మీరాబీ టీ ఇస్తే తాగింది. చీకటి పడ్డాక ఇంటికి వెళ్లింది.

మర్నాడు డైరెక్టర్ గారు వచ్చారు. నెరిసిన జుట్టు, నేత చీర, మృదువైన మాట. కమిషనర్ గారు దారి పొడుగునా ఫౌంటెన్‌ను వర్ణిస్తూ ఆమెను కుమ్మరి వీధికి తీసుకువచ్చారు. అక్కడ పొడి రోడ్డు ఉంది. రోడ్డు మీద కొత్తగా పూడ్చిన మట్టి ఉంది. ఎండలో గొడుగు వేసుకుని, ఖాళీ గిన్నె పట్టుకుని, డెప్యుటేషన్ మీద వచ్చిన వృద్ధుడు అటు నుంచి ఇటు నడుస్తున్నాడు. అతనికి ఎవరూ ఆపమని చెప్పలేదు.

కమిషనర్ గారి మొహం పాలిపోయింది. "ఎవరు చేశారిది?"

"నేనే సార్," అంది సత్యవాణి. ఉత్తర్వు చేతికిచ్చింది. ఆమెకు ఇంకో ఏడేళ్ల సర్వీసు ఉంది.

డైరెక్టర్ గారు ఆ కాగితం తీసుకుని చదివారు. "అనుమతి సక్రమంగానే ఉంది. మరి ఫోటో ఏదమ్మా?"

సత్యవాణికి అప్పుడు గుర్తొచ్చింది. ఫోను నిన్న సంచిలోంచి తీయనే లేదు.

"తియ్యలేదండి."

"అనుమతి తీసుకుని కూడా?"

"నీళ్లొచ్చాయండి. పసిబిడ్డకు నీళ్లు పోస్తున్నారు. చూస్తా ఉండిపోయాను."

ఏదో ఇంట్లో బిందె నిండి పొర్లుతున్న చప్పుడు వినబడింది. డైరెక్టర్ గారు కళ్లజోడు తీశారు. ఆమె కళ్లలో తడి ఉంది. సత్యవాణి భుజం మీద చెయ్యి వేసి, "మనం వెతుకుతున్నది ఇదే," అన్నారు. వెనకున్న అధికారులు గబగబా రాసుకున్నారు. కమిషనర్ గారు కూడా, తను మొదట్నుంచీ ఉద్దేశించింది అదేనన్నట్టు తల ఊపారు.

సత్యవాణికి మెమో రాలేదు. ప్రశంస కూడా రాకుండా ఉంటే బాగుండేది. పక్షం తిరక్కుండా రాజధాని నుంచి కొత్త ఉత్తర్వులు వచ్చాయి. ఈసారి ఒక్క మా మున్సిపాలిటీకే కాదు, మొత్తం శాఖకు. ఉపోద్ఘాతంలో 'ఒక సీనియర్ అసిస్టెంట్ చూపిన మార్గమున' అని ఆమెను స్మరించి, ఆపైన ఇలా ఉంది.

"ఫోటో తీయుట వలన గమనింపునకు భంగము కలుగుచున్నట్లు ప్రభుత్వము దృష్టికి వచ్చినది. కావున ఇకమీదట ప్రతి ఉద్యోగి ప్రతిదినము ఒక చిన్న క్షణమును ఫోటో తీయకుండా గమనించవలెను. ఫోటో తీయలేదనుటకు నిదర్శనముగా, తీయకుండా గమనించుచున్న తన ఫోటోను విధిగా జతపరచవలెను."

దక్షిణామూర్తి గారు దాన్ని తనే స్వయంగా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టారు. మెడ మీద పౌడరు లేదు. మనిషి శుభ్రంగా స్నానం చేసి వచ్చారు.

"దీని భావమేమిటి సత్యవాణి గారూ?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఆయన ఒక ఉత్తర్వు అర్థం కాలేదని ఒప్పుకోవడం ఎవరూ వినలేదు.

ఆమె జవాబు చెప్పేలోగా ఫోన్ మోగింది. కూరగాయల మార్కెట్ వెనకాల వాల్వు దగ్గర కారుతోందట. చిన్న కారుడేనట, ఇప్పుడిప్పుడే మొదలైందట. ఆమె చిరునామా అడిగి, రాసుకుని, ఏసుదాసును పిలిచింది. వాడు సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లాక మళ్లీ పిలిచింది.

"ఏసుదాసూ, నీ ఫోను ఇక్కడ పెట్టి వెళ్లు."